ఆరు ఆల్బమ్‌లా, ఏడా? హెవీ మెటల్ అభిమానుల తగవు

బెంగళూరులో తెలుగు శ్రోతల సభలో చేసిన ప్రసంగానికి లిఖిత పాఠం

సభకు నమస్కారం.

హెవీ మెటల్, అంటే గిటార్ల హోరుతో బరువుగా మోగే రాక్ సంగీతం, వినేవాళ్ళు నలుగురు చేరితే, అది కోరమంగళలో టీ దుకాణం ముందైనా సరే, మారతహళ్ళిలో పీజీ మేడ మీదైనా సరే, మాట కాసేపటికి ఒకే తగవు దగ్గరికి వచ్చి ఆగుతుంది. మధ్యలో ఒక్క నాసిరకం ఆల్బమ్ కూడా లేకుండా, వరుసగా గొప్ప ఆల్బమ్‌లు చేసుకుంటూ పోయిన బ్యాండు ఏది? ఒకాయన బ్లాక్ సబాత్ మొదటి ఆరు అంటాడు. ఐరన్ మెయిడెన్‌వి ఏడు ఉండగా ఆరు గురించి మాట్లాడటమేమిటని ఇంకొకాయన లేస్తాడు. మెటాలికా పేరు ఎత్తితే నాలుగా, ఐదా అన్న చోటే పొద్దుపోతుంది. దీన్ని పనిలేనివాళ్ళ వాదనగా తీసిపారేసేవారు ఉన్నారు, నేను మాత్రం వారి పక్షాన లేను. ఇళయరాజా గారి సంగీతంలో ఏ కాలం గొప్పదని మన ఇళ్ళల్లో పెద్దలు గంటల తరబడి వాదించుకోగా విని పెరిగినవాళ్ళం మనం. ఒక పాట ఎందుకు బాగుందో, దాని పక్క పాట ఎందుకు తేలిపోయిందో మాటల్లో చెప్పాల్సి వచ్చినప్పుడే మనిషి శ్రద్ధగా వింటాడు.

అయితే తగవుకు ముందు హద్దులు గీసుకోవాలి. స్టూడియోలో కొత్త పాటలతో చేసిన పూర్తి నిడివి ఆల్బమ్‌లే లెక్కకు వస్తాయి. కచేరీల రికార్డింగులు, పాత పాటలను ఏరి కూర్చిన సంకలనాలు రావు. మూడు ఆల్బమ్‌లు బాగా కుదరడం చాలా బ్యాండ్లకు జరిగింది కాబట్టి కనీసం నాలుగు ఉంటేనే దాన్ని వరుస అనుకుందాం. ఇంతవరకు పెద్దగా పేచీ లేదు. వరుసను దేనితో కొలవాలన్న దగ్గరే నాకూ మిగతావారికీ తేడా వస్తుంది. వాదించేవాళ్ళంతా తమ బ్యాండు చేసిన అతి గొప్ప ఆల్బమ్‌ను బల్ల మీద పెట్టి, దీనికి సాటి ఏదని అడుగుతారు. అది గొప్ప ఆల్బమ్ ఏది అన్న ప్రశ్నకు జవాబు అవుతుందే తప్ప గొప్ప వరుస ఏది అన్న ప్రశ్నకు కాదు. వరుసను అందులోని అతి బలహీనమైన ఆల్బమ్‌తో కొలవాలన్నది నా వాదన. మీ బ్యాండు వరుసలో అన్నిటికన్నా తక్కువది ఏదో చెప్పండి, దాన్ని విడిగా తీసి పెట్టినా నిలబడుతుందేమో చూద్దాం.

అందరికీ తెలిసిన మెటాలికాతోనే మొదలుపెడతాను. 1983లో 'కిల్ ఎమ్ ఆల్', మరుసటి ఏడాదే 'రైడ్ ది లైట్నింగ్', 1986 మార్చిలో 'మాస్టర్ ఆఫ్ పపెట్స్', 1988లో 'అండ్ జస్టిస్ ఫర్ ఆల్' వచ్చాయి. మొదటిదానికీ రెండోదానికీ మధ్య గడిచింది ఒక్క ఏడాదే అయినా, వేగమే సర్వస్వమనుకున్న కుర్రాళ్ళు ఆ ఏడాదిలోనే 'ఫేడ్ టు బ్లాక్' వంటి నెమ్మదిగా రగిలే పాట కట్టే స్థితికి చేరడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఈ నాలుగింటిలో తక్కువది ఏదంటే చాలామంది 'కిల్ ఎమ్ ఆల్' వైపు చూపిస్తారు, అది పచ్చిగా ఉంటుందని. నేను 'జస్టిస్' వైపు చూపిస్తాను. 1986 సెప్టెంబరు 27న స్వీడన్‌లో బస్సు బోల్తాపడి బేస్ (మంద్రస్వరాల గిటారు) వాద్యకారుడు క్లిఫ్ బర్టన్ చనిపోయాడు. ఆయన స్థానంలో వచ్చిన జేసన్ న్యూస్టెడ్ వాయించిన బేస్ ఆ ఆల్బమ్‌లో దాదాపు వినబడనే వినబడదు. పాటలు దిట్టంగా ఉన్నాయి, 'వన్' పాటను వదులుకోవడానికి ఎవరూ సిద్ధపడరు, కానీ గిటారుకూ డ్రమ్ములకూ మధ్య ఉండవలసిన చోటు ఖాళీగా ఉండిపోయింది. పాట ఎంత బాగా రాసినా, అది మనకు చేరేది శబ్దంగానే కాబట్టి, మిక్సింగ్‌లో జరిగిన అన్యాయాన్ని పక్కన పెట్టి తీర్పు చెప్పడం నాకు సబబుగా తోచదు.

ఐదో ఆల్బమ్, 1991లో నల్ల అట్టతో వచ్చినది, ఈ వరుసలో ఉండాలా వద్దా అన్నది వేరే రగడ. పాటలు పొట్టివయ్యాయి, వేగం తగ్గింది, నిర్మాత (స్టూడియోలో రికార్డింగును నడిపించేవాడు) బాబ్ రాక్ శబ్దాన్ని నున్నగా తీర్చాడు; అమెరికాలోనే కోటిన్నరకు పైగా ప్రతులు అమ్ముడుపోయింది. ఎక్కువమంది కొన్నారన్న కోపంతో ఒక ఆల్బమ్‌ను వరుసలోంచి వెలివేయడం సంగీత విమర్శ అనిపించుకోదు. నా లెక్కలో మెటాలికావి ఐదు. వేగంగా వాయించడం మానేసినా బరువు తగ్గకుండా ఉంచడం తేలికైన విద్య కాదని 'శాడ్ బట్ ట్రూ' వింటే తెలుస్తుంది.

ఇక ఐరన్ మెయిడెన్. ఈ ఊళ్ళో ఆ పేరు ఎత్తితే చాలు, 2007 మార్చి 17న ప్యాలెస్ గ్రౌండ్స్‌లో జరిగిన కచేరీ గురించి చెప్పేవాళ్ళు పదిమంది లేస్తారు. ఆ బ్యాండు భారతదేశంలో వాయించడం అదే మొదటిసారి. హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి రాత్రి ప్రయాణాలు చేసి వచ్చిన మన కుర్రాళ్ళు కూడా ఆ జనంలో ఉన్నారు. వాళ్ళను అంతదూరం రప్పించినవి ప్రధానంగా 1980 నుంచి 1988 వరకు వచ్చిన ఏడు ఆల్బమ్‌లే: 'ఐరన్ మెయిడెన్', 'కిల్లర్స్', 'ది నంబర్ ఆఫ్ ది బీస్ట్', 'పీస్ ఆఫ్ మైండ్', 'పవర్‌స్లేవ్', 'సమ్‌వేర్ ఇన్ టైమ్', 'సెవెంత్ సన్ ఆఫ్ ఎ సెవెంత్ సన్'. మొదటి ఐదూ ఏడాదికొకటి చొప్పున, 1980 నుంచి 1984 లోపలే వచ్చాయన్నది మరచిపోకూడదు. ఆ ఐదేళ్ళలోనే గాయకుడు పాల్ డియానో వెళ్ళిపోయి బ్రూస్ డికిన్సన్ వచ్చాడు, డ్రమ్మర్ క్లైవ్ బర్ వెళ్ళిపోయి నికో మెక్‌బ్రెయిన్ వచ్చాడు. గాయకుడు మారితే సగం బ్యాండ్లు అక్కడే కూలిపోతాయి. వీళ్ళకు మాత్రం, కొత్త గాయకుడితో చేసిన తొలి ఆల్బమే బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది.

మరి ఈ ఏడింటిలో బలహీనమైనది ఏది? 'కిల్లర్స్' అని నేనంటాను. అందులోని పాటలు చాలావరకు మొదటి ఆల్బమ్ నాటికే బ్యాండు దగ్గర ఉన్నవి. మొదటి దాంట్లో పట్టని సరుకుతో రెండోదాన్ని నింపారు. అయినా మార్టిన్ బర్చ్ నిర్మాతగా రావడంతో శబ్దం ఒక్కసారిగా పదునెక్కింది కాబట్టి ఆ ఆల్బమ్ నిలబడింది. పాటల వారీగా చూస్తే లోపాలు ఇంకా ఉన్నాయి. 'నంబర్ ఆఫ్ ది బీస్ట్'లో 'గ్యాంగ్‌ల్యాండ్' అన్న పాట ఎందుకుందో ఎవరికీ తెలియదు. దాని బదులు, విడిగా వచ్చిన సింగిల్ రికార్డుకు రెండో వైపున వెళ్ళిపోయిన 'టోటల్ ఎక్లిప్స్'ను పెట్టి ఉండవలసిందని బ్యాండు నాయకుడు స్టీవ్ హారిసే తర్వాత అన్నాడు. 'పీస్ ఆఫ్ మైండ్'లో 'క్వెస్ట్ ఫర్ ఫైర్' వచ్చినప్పుడు వీరాభిమాని కూడా కాస్త పక్కకు చూస్తాడు. 'సమ్‌వేర్ ఇన్ టైమ్' కోసం డికిన్సన్ తెచ్చిన అకూస్టిక్ పాటలను మిగతావాళ్ళు ఒప్పుకోలేదు. ఆ ఆల్బమ్‌లో ఆయన రాసిన పాట ఒక్కటీ లేదు. అటువంటి మనస్తాపం లోపల నలుగుతున్నా బయటికి అంత ధీమాగా వినిపించే ఆల్బమ్ రావడం విశేషమే.

1990లో 'నో ప్రేయర్ ఫర్ ది డైయింగ్'తో ఆ వరుస తెగింది. ఆ ఆల్బమ్‌కు ముందే గిటారిస్టు ఏడ్రియన్ స్మిత్ వెళ్ళిపోయాడు. ఆయన ఉన్నప్పుడు రెండు గిటార్లు జంటగా పాడుకునే పద్ధతిలో ఒక నిగ్రహం ఉండేది, అది పోయింది. బ్రిటన్‌లో సింగిల్‌గా మొదటి స్థానానికి వెళ్ళిన మెయిడెన్ పాట మాత్రం ఆ ఆల్బమ్‌లోనిదే. అమ్మకాలను చూసి వరుసలు కట్టకూడదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

ఏడాదికొక ఆల్బమ్ అన్న మాట దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ తగవులో జనం పట్టించుకోని విషయం అదే. డెబ్బైలలో, ఎనభైల తొలి సగంలో రికార్డు కంపెనీలు ఊపిరి తీసుకోనిచ్చేవి కావు. ఒప్పందం ప్రకారం ఆల్బమ్ ఇవ్వాలి, దాన్ని మోసుకుని దేశాలు తిరగాలి, తిరిగి వచ్చి మళ్ళీ స్టూడియోలో కూర్చోవాలి. ఆ ఒత్తిడి మనుషులను నలిపింది, తాగుబోతులను చేసింది, అందులో సందేహం లేదు. కానీ ఒక ఊహ చల్లారకముందే తర్వాతి ఆల్బమ్‌లోకి చేరేది. అదే మెటాలికా ఈ శతాబ్దంలో ఎలా నడుస్తోందో చూడండి: సొంత పాటల ఆల్బమ్‌లు 2003లో ఒకటి, 2008లో ఒకటి, 2016లో ఒకటి, 2023లో ఒకటి. ఇరవై ఏళ్ళలో నాలుగు. వాటిలో మంచివి లేవని కాదు, వాటిని వరుస అని పిలవడం కష్టం. ఏడెనిమిదేళ్ళ ఎడంలో మనిషి మారిపోతాడు, వినేవాడూ మారిపోతాడు. అందుకే ఇప్పటి బ్యాండ్లను ఎనభైల బ్యాండ్ల పక్కన నిలబెట్టి మీకు ఏడు ఎందుకు లేవని అడగడం న్యాయం కాదు.

మనకు సంబంధించిన సంగతి ఇంకొకటి ఉంది. ఈ ఆల్బమ్‌లు వెలువడిన క్రమంలో వాటిని విన్నవాళ్ళు మనలో ఎందరు? తొంభైలలో ఈ ఊళ్ళో మెటల్ విన్నవాడికి ఏ కాసెట్ దొరికితే అదే మొదటిది. నల్ల అట్ట మెటాలికాతో మొదలుపెట్టి వెనక్కి వెళ్ళినవాళ్ళు ఉన్నారు, మెయిడెన్‌ను 'ఫియర్ ఆఫ్ ది డార్క్' దగ్గర పట్టుకుని ఆ తర్వాత 'పవర్‌స్లేవ్'కు చేరినవాళ్ళు ఉన్నారు. సీనియర్ దగ్గర అరువు తెచ్చుకున్న కాసెట్‌ను ఖాళీ కాసెట్ మీదికి ఎక్కించుకున్నప్పుడు చివరి పాట సగంలో తెగిపోయేది, ఆ సగం పాటే మనకు పూర్తి పాట. కాబట్టి మనం వాదించే వరుసలను తర్వాత మనమే సంవత్సరాలు చూసుకుని పేర్చుకున్నాం. దీనివల్ల ఒక మేలు జరిగింది. 1984లో లండన్‌లో ఉన్న కుర్రాడికి 'పవర్‌స్లేవ్' అంటే తన పదహారో ఏడు, దాన్ని విమర్శిస్తే తన యవ్వనాన్ని విమర్శించినట్టే ఉంటుంది. మనకు ఆ బంధం లేదు. ఒకే నెలలో మూడు ఆల్బమ్‌లు చేతికి వచ్చినప్పుడు ఏది బలమైనదో చెవే చెప్పింది. ఈ తగవులో మన ఊరివాళ్ళ తీర్పుకు విలువ ఇవ్వాలని నేననడానికి కారణం ఇదే, ఊరి మీద అభిమానంతో కాదు.

జూడస్ ప్రీస్ట్‌ను తలచుకోకుండా ముందుకు వెళ్తే ఆ బ్యాండు గాయకుడు రాబ్ హాల్ఫర్డ్ అభిమానులు నన్ను హాలు దాటనివ్వరు. 1976లో 'శాడ్ వింగ్స్ ఆఫ్ డెస్టినీ' నుంచి 1980లో 'బ్రిటిష్ స్టీల్' దాకా ఐదు ఆల్బమ్‌లు. ఈ ఐదింటికీ కలిపి నలుగురు డ్రమ్మర్లు మారారు: అలన్ మూర్, సైమన్ ఫిలిప్స్, లెస్ బింక్స్, డేవ్ హాలండ్. లయ కూర్చేవాడు ఇన్నిసార్లు మారినా బ్యాండు స్వభావం చెదరలేదంటే దాని వెన్నెముక గ్లెన్ టిప్టన్, కె.కె. డౌనింగ్ గిటార్లలో ఉందని అర్థం. 1981లో వచ్చిన 'పాయింట్ ఆఫ్ ఎంట్రీ'ని క్షమిస్తే ఈ వరుస 1984లో 'డిఫెండర్స్ ఆఫ్ ది ఫెయిత్' వరకు సాగి ఎనిమిదికి చేరుతుంది, అప్పుడు మెయిడెన్ కూడా వెనకబడుతుంది. నేను క్షమించలేను. ఆ ఆల్బమ్‌లో మొదటి పాట 'హెడింగ్ అవుట్ టు ది హైవే' తీసేస్తే మళ్ళీ మళ్ళీ వినవలసినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. నా కొలబద్ద పెట్టి చూస్తే ప్రీస్ట్‌వి ఐదే.

స్లేయర్ బ్యాండు సంగతి రెండు మాటల్లో ముగిస్తాను. 1986లో వచ్చిన 'రెయిన్ ఇన్ బ్లడ్' మొత్తం నిడివి సుమారు 29 నిమిషాలు; కాసెట్‌లో ఒక వైపే ఆల్బమ్ అంతా పట్టింది, రెండో వైపు మళ్ళీ అదే పెట్టారు. అంత చిక్కగా కుదించిన దాని తర్వాత 1988లో 'సౌత్ ఆఫ్ హెవెన్' కోసం కావాలనే వేగం తగ్గించడం తెలివైన పని. కానీ 1983 నాటి మొదటి ఆల్బమ్ అప్పటికి తమకు నచ్చిన బ్యాండ్ల అనుకరణ దగ్గరే ఉంది. దాన్ని వదిలేసి 'హెల్ అవెయిట్స్' నుంచి లెక్కపెడితే 1990 నాటి 'సీజన్స్ ఇన్ ది అబిస్' దాకా నాలుగు.

అమెరికాలోని ఫ్లారిడా నుంచి వచ్చిన 'డెత్' బ్యాండు మాత్రం నా కొలతకు పెద్ద పరీక్ష పెడుతుంది. 1987 నుంచి 1998 దాకా ఏడు ఆల్బమ్‌లు చేసింది. ప్రతి ఆల్బమ్‌కూ మనుషులు మారుతూనే వచ్చారు, చక్ షుల్డినర్ ఒక్కడే మొదటి నుంచి చివరిదాకా ఉన్నాడు. రక్తమాంసాల వర్ణనలతో మొదలైన మనిషి 1991లో 'హ్యూమన్' నాటికి సంక్లిష్టమైన లయలతో లోపలి ఆవేదనను పాడాడు. ఆయన 2001 డిసెంబరు 13న, 34 ఏళ్ళకే, మెదడులో కణితి వల్ల మరణించాడు. ఈ ఏడింటిలో తక్కువది 1990 నాటి 'స్పిరిచ్యువల్ హీలింగ్'. పాత పద్ధతి వదల్లేక, కొత్తది ఇంకా చేతికి రాక తడబడిన ఆల్బమ్ అది. తడబాటు అయినా వినదగినదే. బ్యాండు జీవితమంతా ఒకే వరుస అయిన సందర్భం ఇది. కాకపోతే, ముసలితనం వరకు బతికి నీరసమైన ఆల్బమ్‌లు చేసే అవకాశమే రాని బ్యాండును, ఆ ప్రమాదాన్ని ఎదుర్కొన్న బ్యాండ్లతో ఒకే త్రాసులో వేయడం నాకు మింగుడుపడదు. అందుకని డెత్‌ను పోటీకి పక్కన, గౌరవస్థానంలో కూర్చోబెడతాను.

మిగిలింది బ్లాక్ సబాత్. బర్మింగ్‌హామ్ నగరంలో ఆస్టన్ అనే పేద కార్మిక పేట నుంచి వచ్చిన నలుగురు: గాయకుడు ఆజీ ఆజ్‌బోర్న్, గిటారిస్టు టోనీ అయోమీ, బేస్ వాయించే గీజర్ బట్లర్, డ్రమ్మర్ బిల్ వార్డ్. 1970 ఫిబ్రవరిలో మొదటి ఆల్బమ్, అదే ఏడాది సెప్టెంబరులో 'పారనాయిడ్', 1971లో 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ', 1972లో 'వాల్యూమ్ 4', 1973 డిసెంబరులో 'సబాత్ బ్లడీ సబాత్', 1975లో 'సాబొటాజ్'. ఐదున్నరేళ్ళలో ఆరు ఆల్బమ్‌లు, ఆరింటికీ అదే నలుగురు. ఈ ఆరింటిలో ఏ రెండూ ఒకేలా వినిపించవు. ఇనుప రేకుల ఫ్యాక్టరీలో మరలో పడి కుడి చేతి రెండు వేళ్ళ చివర్లు పోగొట్టుకున్న అయోమీ, ఎడమచేతి వాటం వాడు కాబట్టి తీగలు నొక్కవలసిన చెయ్యే దెబ్బతిన్నది. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు, పలచని తీగలు కట్టాడు. 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' నాటికి తీగల బిగువు సడలించి శ్రుతిని మూడు అర్ధస్వరాలు కిందికి దించాడు. వేళ్ళకు సుఖంగా ఉంటుందని చేసిన ఆ పని వల్ల వచ్చిన బరువైన నాదం మీద తర్వాతి కాలంలో ఉపశాఖలే పుట్టాయి. 'వాల్యూమ్ 4'లో పియానోతో మెత్తగా సాగే 'చేంజెస్' ఉంది, ఐదో ఆల్బమ్‌లో 'యెస్' బ్యాండు వాద్యకారుడు రిక్ వేక్‌మన్ వచ్చి కీబోర్డు వాయించాడు, ఆరోదాన్ని పాత మేనేజరుతో కోర్టు వ్యాజ్యాల మధ్య చేశారు. ఆ కోపమంతా 'ది రిట్' పాటలో దాచకుండా వినిపిస్తుంది. అదే ఆల్బమ్‌లోని 'సింప్టమ్ ఆఫ్ ది యూనివర్స్' మొదలయ్యే తీరు వింటే, ఎనభైల త్రాష్ మెటల్, అంటే అతివేగపు మెటల్, ఎక్కడి నుంచి వచ్చిందని వేరే అడగనక్కరలేదు.

ఇప్పుడు నా ప్రశ్న నన్నే అడగాలి. ఈ ఆరింటిలో బలహీనమైనది ఏది? 'వాల్యూమ్ 4'లో గిటారు మోతలతో నింపిన 'ఎఫ్ఎక్స్' అనే ముక్కను చూపించి అదే అంటారు కొందరు. రెండు నిమిషాలు కూడా లేని ముక్క కోసం 'సూపర్‌నాట్' ఉన్న ఆల్బమ్‌ను శిక్షించలేం. పాటల కూర్పు ఒక్కటే గీటురాయి అయితే తక్కువది మొదటి ఆల్బమ్. దాన్ని దాదాపు ఒక్క రోజులో రికార్డు చేశారు. 'ఈవిల్ వుమన్', 'వార్నింగ్' అన్న రెండు పాటలు వేరే బ్యాండ్లవి. ఆ రెండోది గిటారు ఆలాపనతో పది నిమిషాలు సాగుతూ బ్లూస్ బ్యాండుగా ఉన్న నాటి అలవాటును వదలదు. రెండో వైపు వింటున్నప్పుడు వీళ్ళు ఎటు పోవాలో ఇంకా తేల్చుకోలేదని తెలుస్తూనే ఉంటుంది.

కానీ ఆ ఆల్బమ్ మొదటి పాట వానతో, దూరపు గుడిగంటతో మొదలై, గిటారు మూడే స్వరాలు పలుకుతుంది: మన లెక్కలో చెప్పాలంటే షడ్జం, పై స్థాయి షడ్జం, అక్కడి నుంచి దిగి ప్రతిమధ్యమం. కర్ణాటక సంగీతం విన్న చెవికి ప్రతిమధ్యమం భయపెట్టే స్వరం కాదు, కల్యాణి రాగం పాడినప్పుడల్లా వింటూనే ఉన్నాం. అదే స్వరాన్ని పంచమం తోడు లేకుండా, నెమ్మదిగా, వణికిస్తూ నిలబెట్టేసరికి ఒక కొత్త సంగీతానికి పునాది పడింది. సబాత్ వరుసలో తక్కువది ఆ ఆల్బమే అయితే, ఆ తక్కువదాంట్లోంచే నేను ఇంతసేపు చెప్పిన బ్యాండ్లన్నీ పుట్టుకొచ్చాయి. మెయిడెన్‌లోని 'కిల్లర్స్' మంచి ఆల్బమే. అది లేకపోయినా మెటల్ చరిత్ర ఇలాగే ఉండేది. అందుకే ఏడు కన్నా ఆరు పెద్దదని నా తీర్పు.

దీనికి ఎదురుగా వచ్చే బలమైన వాదన ఒకటుంది, అది నాకూ ఇష్టమైనదే. వరుసను బ్యాండుకే ఎందుకు కట్టిపెట్టాలి, మనిషికి ఎందుకు ఇవ్వకూడదని. గాయకుడు రానీ జేమ్స్ డియోను తీసుకోండి. రెయిన్‌బో బ్యాండుతో 1976లో 'రైజింగ్', 1978లో 'లాంగ్ లివ్ రాక్ ఎన్ రోల్'; ఆజీని పంపేసిన సబాత్‌లో చేరి 1980లో 'హెవెన్ అండ్ హెల్', 1981లో 'మాబ్ రూల్స్'; తన సొంత బ్యాండుతో 1983లో 'హోలీ డైవర్', 1984లో 'ది లాస్ట్ ఇన్ లైన్'. మూడు బ్యాండ్లు, ఆరు ఆల్బమ్‌లు, తీసేయవలసినది ఒక్కటీ లేదు. ఈ లెక్కను అంగీకరిస్తే 'రైజింగ్', 'హెవెన్ అండ్ హెల్', 'మాబ్ రూల్స్'తో పాటు మెయిడెన్ ఆల్బమ్‌లు 'కిల్లర్స్' నుంచి 'సెవెంత్ సన్' వరకూ నిర్మించిన మార్టిన్ బర్చ్ కూడా పోటీలోకి వస్తాడు. అప్పుడు వీళ్ళెవరూ గెలవరు, గాజు గది అవతల కూర్చున్న ఆ మనిషే గెలుస్తాడు.

ఇక మీ ప్రశ్నలు అడగండి. రష్ బ్యాండు గురించి మాత్రం ఈ పూట వద్దు. వాళ్ళది మెటల్ అవునా కాదా అన్న దగ్గరే మనకు హాలు మూసే వేళ అవుతుంది.